ఎస్తేరమ్మ గుర్రం నిలబడిన రోజు

ఉలవలు ఉడికేటప్పుడు ఒక దశలో నీళ్లు ఎర్రబడి, తడిసిన మట్టి వాసన, పాత గోనెసంచి వాసన కలగలిసినట్టు ఒక ఆవిరి లేస్తుంది. మొన్న భూపాలపల్లిలో ముసురు పట్టింది. జలుబుకు మంచిదని మా కోడలు ఉలవలు ఉడకబెట్టింది. మూత తీయగానే నేను చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టి, వంటింటి గుమ్మం దాకా వెళ్లి నిలబడ్డాను. "ఏమన్న కావాల్నా అత్తమ్మా?" అని అడిగింది. ఏమీ వద్దన్నాను. అక్కడ నిలబడి నేను చూస్తున్నది ఆమె వంటిల్లు కాదు. జనగామ రైలు స్టేషను దగ్గర ముళ్లకంచె వేసిన ఒక పెరడు, అందులో చాయ్ రంగు గుర్రం, దానికి వీపు పెట్టి కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్న ఎస్తేరమ్మ.

అది 1969. మా చెల్లెలు డెబ్బయి అంటుంది, అది తప్పు. ప్రత్యేక తెలంగాణ కావాలని పిల్లలు వీధుల్లోకి వచ్చి, బడులు నెలల తరబడి మూతబడిన ఏడు అదే. నాకు పదిహేనేళ్లు. మా బాపుకు స్టేషను రోడ్డులో ధాన్యం కొట్టు ఉండేది, ఇల్లు దాని వెనుక. చదువు ఆగిపోయింది గనుక నేను రోజంతా లెక్కల పుస్తకం ముందేసుకుని, చేసిన లెక్కలే మళ్లీ చేస్తూ, విసుగొస్తే వెనుక గోడ మీదుగా తొంగి చూసేదాన్ని. గోడకు అవతల ఎస్తేరమ్మ పెరడు.

ఆమె భర్త దావీదు జట్కా నడిపేవాడు. ముందటి సంవత్సరం చనిపోయాడు. ముసలి గుర్రం కూడా ఆయన వెనుకే పోయింది. మిగిలింది ఒక జట్కా బండి, స్టేషను ముందు జట్కాల వరుసలో దావీదుకు ఉండిన చోటు. ఆ చోటు గురించి తెలియని వాళ్లకు కొంచెం చెప్పాలి. జనగామ స్టాండులో ఒక పద్ధతి ఉండేది. రైలు కూత వినబడగానే ప్రతి జట్కావాడూ లగాం గుర్రం వీపు మీద వేసి, దాన్ని అట్లాగే వదిలి, గేటు దగ్గరికి పోయి ప్రయాణికులను పిలవాలి. ఎవరూ పట్టుకోకుండానే గుర్రం వరుసలో నిలబడాలి. రైలు అరిచినా, జనం మీద పడ్డా కదలకూడదు. ఒక్కటి కదిలితే పక్కది కదులుతుంది, బండి బండికి తగులుతుంది. అందుకని అట్లా నిలబడని గుర్రానికి వరుసలో చోటు ఉండదు. ఆ నియమాన్ని కాపాడే పెద్దమనిషి మస్తాన్ భాయి. ఎస్తేరమ్మ తానే బండి తోలుతానని చెప్పినప్పుడు స్టాండు నవ్విందట. ఆయన మాత్రం నవ్వకుండా ఒక మాట అన్నాడు: "దసరా దాకా దావీదు జాగ ఎవ్వరికీ ఇయ్య. గంతల నిలవడే గుర్రాన్ని తే. తేకపోతే నన్ను అనొద్దు."

నిలబడే గుర్రం కొనడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. మానుకోట దాటి గార్ల దగ్గర ఒక రైతు, ఎవరినీ దగ్గరికి రానివ్వదని విసిగి వదిలించుకుంటున్న ఆడ గుర్రప్పిల్లను ఆమె కొన్నది. రైలు పెట్టెలో వేసి తెస్తే బతికినంత కాలం రైలంటే బెదురుతుందని, తమ్ముణ్ణి తోడు తీసుకుని జనగామ దాకా నడిపించుకుంటూ తెచ్చింది. దాని పేరు రంగి.

ఎస్తేరమ్మ దయగల తల్లి అని రాస్తే అబద్ధమవుతుంది. ఆమెకు గర్వం ఎక్కువ. గంజి పెట్టిన చీర తప్ప కట్టేది కాదు. తన కొప్పు చెదిరితే ప్రపంచం చెదిరినట్టు చూసేది. ఒకరోజు నేను గోడ మీద గడ్డం ఆనించి చూస్తుంటే, తల తిప్పకుండానే అరిచింది.

"సావుకారి పిల్లా, గోడ మీద తలకాయ ఒక్కటే పెట్టి సూస్తె అది దయ్యమనుకుంటది. సూడాలంటె లోపలికొచ్చి కూసో."

వెళ్లాను. మా అమ్మ రెండు షరతులు పెట్టింది: రాగానే బావి దగ్గర స్నానం, బట్టలు మార్చకుండా వంటింట్లో కాలు పెట్టకూడదు. ఆ రోజుల్లో మా ఇళ్లల్లో అంతకన్నా ఎక్కువ షరతులే ఉండేవి, మా అమ్మ రెండింటితో సరిపెట్టింది. మా ఇంట్లో అందరూ ఎస్తేరమ్మను పేరు పెట్టి పిలిచేవాళ్లు. పెద్దమ్మా అని నేను పిలవడం ఆ పెరట్లోనే మొదలైంది.

మొదట్లో మా పని కూర్చోవడమే. గుర్రం ఒక మూలన, మేము నడుమ, దానికి వీపు పెట్టి. ఆమె బియ్యం ఏరేది, లేకపోతే చింతపండు గింజ తీసేది. నాకూ ఒక చేట ఇచ్చేది. గుర్రాన్ని ముట్టుకోవడం లేదు, దాని వైపు చూడటం కూడా లేదు. దసరా దగ్గరికి వస్తుంటే ఈమె చింతపండు తీస్తున్నదేమని నాకు లోపల మంటగా ఉండేది.

"ఇంకెప్పుడు నేర్పుతవు పెద్దమ్మా?"

"నేర్పుతనే ఉన్న."

"ఏం నేర్పుతున్నవు? మనం దాని దిక్కు చూస్తలేం గదా!"

"గదే నేర్పుతున్న. గీ ఇద్దరు ఆడోళ్ల పక్కకొస్తే ఏం కాదని. గార్ల రైతు దీన్ని పట్టుకునేటందుకే దగ్గరికి వచ్చేటోడు. మనిషి వస్తున్నడంటే పట్టుకుంటడనే దానికి ఎరుక. పట్టుకోనోళ్లు గూడ ఉంటరని తెల్వాలె గద."

ఒక ఉదయం నా మెడ వెనుక వెచ్చటి గాలి తగిలింది. చేట మీద నా చేతులు బిగుసుకుపోయాయి. ఎస్తేరమ్మ తల ఎత్తలేదు. "ఊపిరి బిగవట్టకు బిడ్డా. నువ్వు బిగవడితె అది బిగవడతది. వదులు. బియ్యం ఏరు." నేను ఊపిరి వదిలాను. నా జడను ఒక తడి మూతి వాసన చూసింది, తర్వాత భుజాన్ని. నా చేటలో ఏమి ఏరానో నాకు తెలియదు. ఆ పూట వాళ్లింట్లో అన్నంలో రాళ్లు వచ్చాయని ఆమె చాలాకాలం దెప్పింది.

ఆ తర్వాత పని చకచకా నడిచింది. తలకు తాడు వేయడం, పక్కన నడవడం, ఆగడం, అరచేయి చూపితే వెనక్కి ఒక అడుగు వేయడం, గిట్ట ఎత్తడం. తాడు గురించి ఆమెకు గట్టి పట్టింపు. నేను ఒకసారి విసురుగా గుంజితే, తాడు రెండో కొస నా చేతికి ఇచ్చి, ఈ కొస తాను పట్టుకుని గుంజింది. నేను పడబోయి, కాళ్లు తన్నిపట్టి ఎదురు గుంజాను.

"సూసినవా? నేను గుంజితే నువ్వు గుంజినవు. అదీ గంతే. జర అడుగు, గది ఇటు ఒక్క అడుగేయంగనే వదిలెయ్. వదులు దొరికే దిక్కే అది వస్తది."

గిట్ట ఎత్తించడం కూడా అట్లాగే. భుజం నుంచి కాలి వెంట చేయి మెల్లగా జార్చాలి. అది బరువు మార్చుకోగానే చేయి తీసేయాలి. అది గుంజుకోకముందే మనమే కాలు కింద పెట్టాలి. లాడాలు కొట్టే మనిషి వచ్చిన రోజు రంగి నాలుగు కాళ్లూ ఇచ్చి నిలబడితే, అతను దాని నోరు తెరిచి పళ్లు చూశాడు. "గీ వయసు గుర్రం గిట్ల నిలవడదు, మందేమన్న పెట్టినవా అక్కా?" అన్నాడు. ఎస్తేరమ్మ కొప్పు సవరించుకుంది.

అప్పుడే మాకు ఊరేగింపుల తలనొప్పి మొదలైంది. దాదాపు రోజూ పెరటి పక్క వీధి వెంట విద్యార్థులు జెండాలు పట్టుకుని, "జై తెలంగాణ" అని అరుస్తూ పోయేవారు. మొదటిసారి విన్నప్పుడు రంగి కంచె తెంపుకోబోయింది. ఎస్తేరమ్మ ఆలోచించి ఒక ఉపాయం చెప్పింది. ఊరేగింపు అరుపు వినబడగానే దానికి ఉలవ గుడాలు పెట్టాలి. అరుపు వినబడితే తిండి వస్తుందని తెలిస్తే భయం పోతుంది. మా కొట్టు నుంచి ఉలవలు, ఆమె పొయ్యి మీద ఉడకడం, నా చేతి నుంచి గుర్రం నోట్లోకి. ఉపాయం ఎంత బాగా పనిచేసిందంటే, కొన్నాళ్లకు దూరాన అరుపు మొదలు కాగానే రంగి చెవులు నిక్కబొడుచుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చేది. వణుకు లేదు, బెదురు లేదు. "సూడు, ఉద్యమానికి అలవాటైంది మన పిల్ల," అని ఎస్తేరమ్మ మురిసింది. నేనూ మురిశాను.

ఆ మురిపెంతోనే ఒక సాయంత్రం దాన్ని మొదటిసారి స్టేషను రోడ్డు మీదికి తీసుకుపోయాము. బండి కట్టలేదు, తాడు మాత్రమే. జట్కాల వాళ్లు చూడాలని ఆమె కోరిక. చూశారు. మేము స్టాండు ముందుకు రాగానే మలుపు నుంచి ఊరేగింపు వచ్చింది. "జై తెలంగాణ" అన్న మొదటి అరుపుకే రంగి తల ఎత్తి, మేమిద్దరం తాడుకు వేలాడుతుంటే మమ్మల్ని లాక్కుంటూ నేరుగా జనం నడుమకు పోయింది. పోయి, ఒకరి జేబు, ఇంకొకరి చేతి సంచి, మరొకరి జెండా కర్ర, అన్నీ మూతితో వెతికింది. గుడాలు ఎక్కడ? పిల్లలకు పండుగైంది. "గుర్రం సుత తెలంగాణ కావాలంటున్నదిరా!" అని ఒకడు అరిచాడు. ఇంకొకడు దాని మెడలో బంతిపూల దండ వేశాడు. అందరూ కలిసి మళ్లీ జై కొట్టారు, అది మరింత ఆత్రంగా వెతికింది. ఎస్తేరమ్మ గంజి చీర నలిగింది, కొప్పు ఊడింది. స్టాండులో జట్కాల వాళ్లు కడుపులు పట్టుకుని నవ్వారు.

మస్తాన్ భాయి దగ్గరికి వచ్చి, తాడు పట్టుకుని గుర్రాన్ని బయటికి తెచ్చి ఇచ్చాడు. "ఎస్తేరమ్మా, గిది జట్కా గుర్రం గాదు. లీడరు గుర్రం. దీన్ని ఎలక్షన్ల నిలబెట్టు," అన్నాడు. ఆ తర్వాత నవ్వు ఆపి, మెల్లగా, "దసరా దగ్గరికొచ్చింది అమ్మా. నన్ను పరేషాన్ చెయ్యకు," అన్నాడు. ఆ రెండో మాట ఆమెకు మొదటిదాని కన్నా లోతుగా తగిలింది. ఆ చోటు పోతే ఆమెకు బండి అమ్ముకుని, తమ్ముడింట్లో తిండికి ఉండటం తప్ప దారి లేదు. ఆమె లాంటి మనిషికి అదెట్లా ఉంటుందో నేను ఆ వయసులోనే ఊహించగలిగాను.

ఇంటికి వచ్చేదాకా ఆమె ఊడిన కొప్పుతోనే ముందు నడిచింది. ఆమె దాన్ని కొడుతుందేమోనని నేను భయపడ్డాను. పెరట్లోకి రాగానే దండ తీసి కంచెకు వేసి, గుర్రానికి నీళ్లు పెట్టి, కొప్పు మళ్లీ ముడుచుకుంది. అప్పుడు అన్నది: "దీని తప్పేం లేదు. మనం ఏం నేర్పినమో గదే నేర్సుకున్నది. అరుపు ఇనవడంగనే గుడాలని నేర్పినం. నిలవడితె గుడాలని నేర్పలే. బుద్ధి నాది పోయింది, దానిది గాదు."

అంత గర్వం గల మనిషి అంత తొందరగా తప్పును తన వైపు తిప్పుకోవడం నేను అంతకు ముందు చూడలేదు. మా ఇంట్లో ఏ పెద్దవాళ్లూ పిల్లల ముందు అట్లా అనేవాళ్లు కాదు, ఇక పశువు ముందు ఎవరంటారు?

మర్నాటి నుంచి పద్ధతి మారింది. అరుపు వినబడినా గుడాలు రావు. రంగి పరుగెత్తుకొస్తే నా పిడికిలి మూసుకుంటుంది, అరచేయి లేస్తుంది. అది వెనక్కి జరిగి, తల నా గుడాల సంచి వైపు కాకుండా ముందుకు పెట్టి, తాడు వదులుగా వేలాడుతుంటే నిలబడినప్పుడే పిడికిలి తెరుచుకుంటుంది. అప్పుడు కూడా అది రాకూడదు, నేనే దాని దగ్గరికి పోవాలి. నేర్పినదాన్ని మాన్పించడం కొత్తగా నేర్పడం కంటే కష్టమని నాకు అప్పుడే తెలిసింది. మొదట్లో అది కోపంతో కాళ్లు నేలకేసి కొట్టేది, నా భుజాన్ని తలతో నెట్టేది. "మెత్తవడకు," అని ఎస్తేరమ్మ గుమ్మంలోంచి అనేది. "దయ తలచి ఒక్కసారి ఇచ్చినవనుకో, ఎల్లకాలం అడుక్కుంటది. దానికీ కష్టం, నీకూ కష్టం." ఒకరోజు ఊరేగింపు కంచె పక్కనుంచే పోతున్నప్పుడు రంగి ఒళ్లంతా వణికించి, ఒక అడుగు ముందుకు వేసి, నా అరచేయి లేవకముందే ఆ అడుగును తానే వెనక్కి తీసుకుని నిలబడింది. నేను గుడాలు పెట్టడానికి వెళ్లేసరికి నా కళ్లు కనిపించడం లేదు. గుమ్మంలో ఎస్తేరమ్మ వైపు చూశాను. ఆమె చీర చెంగుతో ముఖం తుడుచుకుంటూ, "పొగ," అన్నది. ఆ పూట పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

ఆ రోజుల్లోనే ఎస్తేరమ్మ దానికి ఖాళీ బండి లాగడం కూడా నేర్పింది. దసరాకు ముందు రంగిని బండికి కట్టి స్టాండుకు తీసుకుపోయాము. వరుసలో దావీదు చోటులో నిలబెట్టాము. మస్తాన్ భాయి నన్ను దూరంగా గూడ్సు షెడ్డు మెట్ల దగ్గరికి పొమ్మన్నాడు. "పిల్ల కనవడితె పిల్లను సూసి నిలవడతది. గుర్రం ఒంటిగ నిలవడాలె." న్యాయమే. వెళ్లాను. కాజీపేట వైపు నుంచి కూత వినబడింది. ఎస్తేరమ్మ లగాం రంగి వీపు మీద వేసింది. దాని మెడ మీద ఒకసారి చేయి పెట్టి, వెనక్కి చూడకుండా గేటు వైపు నడిచింది. ఆమెకు అది ఎంత కష్టమైందో బిగిసిన ఆమె మెడ చూస్తే తెలిసింది.

రైలు వచ్చింది. రైలుతో పాటు మేమెవరమూ అనుకోనిది కూడా వచ్చింది. ఆ రైలులోంచి ఎవరో నాయకుడు దిగుతున్నాడట, పిల్లలు డప్పులు కొట్టుకుంటూ ఊరి వైపు నుంచి స్టేషను ముందుకు దూసుకొచ్చారు. గేటుకూ జట్కాలకూ మధ్య జనం నిండిపోయారు. ఎస్తేరమ్మ అవతల చిక్కుకుపోయింది. ఇంజను ఆవిరి, డప్పులు, అరుపులు. వరుసలో కొసన ఉన్న గుర్రం ముందరి కాళ్లు ఎత్తింది. దాని పక్కది వెనక్కి నెట్టి, బండి చక్రం ఇంకో బండికి తగిలించింది. జట్కాల వాళ్లు గేటు దగ్గర్నుంచి అరుచుకుంటూ, జనాన్ని తోసుకుంటూ వస్తున్నారు.

రంగి నిలబడి ఉంది. అప్పుడు ఆ పిల్లల్లో ఒకడు దాన్ని గుర్తుపట్టాడు. "అగో, మన లీడరు గుర్రంరా!" అని దాని ముందుకు వచ్చి, దోసిట్లో పల్లీలు పట్టుకుని, "జై తెలంగాణ! దా, దా!" అని పిలిచాడు. షెడ్డు మెట్ల మీద నా కుడిచేయి దానంతట అదే లేవబోతే, ఎడమచేత్తో పట్టుకుని దించాను. రంగి మెడ చాచింది. ముందరి కాలు ఒకటి నేల విడిచింది. ఆ కాలు గాల్లో ఉన్నంతసేపు నాకు డప్పు వినబడలేదు.

గిట్ట మళ్లీ అదే చోట కింద పెట్టింది. మెడ వెనక్కి తీసుకుని, తల నేరుగా పెట్టుకుని, లగాం వీపు మీద వదులుగా ఉండగా, ఆ గోల అంతా తన కోసం కాదన్నట్టు నిలబడిపోయింది. దాని పక్కనున్న గుర్రం దాన్ని చూసి తానూ నెమ్మదించింది. పల్లీల పిల్లవాడు చిన్నబోయి, పల్లీలు తానే తిన్నాడు.

జనం పలచబడ్డాక ఎస్తేరమ్మ వచ్చింది. ఆమె చీర మళ్లీ నలిగింది, ఆ రోజు ఆమె దాన్ని పట్టించుకోలేదు. ఆమె వెంట, వరంగల్ దవాఖాన నుంచి కాన్పయి వస్తున్న ఒక పడుచు, ఆమె తల్లి, గుడ్డల్లో చుట్టిన పసిగుడ్డు. ఆ పెద్దావిడ జట్కాలన్నీ చూసింది. తగిలిన చక్రాలను, ఇంకా చెమటతో రొప్పుతున్న గుర్రాలను చూసి భయపడి, మస్తాన్ భాయిని అడిగింది: "పచ్చి బాలెంతరాలు భాయీ. నిమ్మలంగ పోయే గుర్రం ఏది?"

మస్తాన్ భాయి తన గుర్రాన్ని పట్టుకునే ఉన్నాడు. ఆయన ఎస్తేరమ్మను చూశాడు, రంగిని చూశాడు. "ఇవాళ మా స్టాండుల నిలవడ్డది గిదొక్కటే అమ్మా. భయపడకుండ ఎక్కు," అని, తానే ముందుకు వచ్చి బాలింతకు చేయి అందించాడు. ఎస్తేరమ్మ బండి ఎక్కి, లగాం అందుకుని, నన్ను మెట్ల మీంచి పిలిచింది. "సావుకారి పిల్లా! తలకాయ అక్కడ పెట్టి ఏం సూస్తున్నవు? వచ్చి ఎక్కు!" జనగామ బజారంతా చూస్తుండగా నేను ఆమె పక్కన కూర్చుని పోయాను. మా కొట్టు ముందు నుంచి పోతుంటే బాపు తక్కెడ పట్టుకుని అట్లాగే ఆగిపోయాడు. ఇంటికి వెళ్లాక, "బండి బాగ తోలుతది," అని మాత్రం అన్నాడు.

ఆటోలు వచ్చేదాకా ఆ వరుసలో ఆ చోటు ఎస్తేరమ్మదే. బడి మళ్లీ తెరిచారు. నేను చదువుకుని లెక్కల టీచరునై, మహబూబాబాద్‌లో చాలాకాలం, తర్వాత ఇక్కడ భూపాలపల్లిలో పనిచేశాను. మలి ఉద్యమం రోజుల్లో ఒక చిన్న వయసు టీచరమ్మ నా దగ్గరికి వచ్చి, కిటికీ కింద ఊరేగింపు పోతే చాలు పిల్లలంతా లేచి పరుగెడుతున్నారని ఫిర్యాదు చేసింది. అప్పుడు నువ్వేం చేస్తావని అడిగాను. "పాఠం ఆపేసి నేనూ కిటికీ దగ్గరికి పోత మేడం," అన్నది. నేను నవ్వితే ఆమెకు కోపం వచ్చింది. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, ఒక గుర్రం సంగతి చెప్పాను. వారం తిరగకముందే ఆమె క్లాసు కుదురుకుంది. తెలంగాణ వచ్చిన రోజు మాత్రం ఆమే వాళ్లందరినీ వెంటబెట్టుకుని వీధిలోకి వెళ్లింది, నేనూ వెళ్లాను.

నా క్లాసులో పిల్లల దగ్గర, ఇంట్లో పిల్లల దగ్గర, పనికి వచ్చిన వాళ్ల దగ్గర నాకు ఒకే పద్ధతి. చేతిలో తాడు వదులు చేసి, కొంచెం పక్కకు జరిగి, ఊపిరి వదిలి ఉంటాను. చాలామంది నిలబడ్డారు. ఎవరైనా నిలబడకపోతే మాత్రం వాళ్ల మీద నోరు చేసుకోకముందు, ఇన్నాళ్లూ నేను వాళ్లకు ఏ పనికి ఏం తినిపించానో లెక్క చూసుకుంటాను. ఆ లెక్క నాకు ఎప్పుడూ తప్పు రాలేదు.